ఆక్సీమీటర్ జేబులోంచి దిగడం లేదు: కోవిడ్ నాటి భయం ఇప్పటికీ ఎందుకు పోలేదు, ఎలా పోతుంది

అడిగింది కుదించి: వయసు 38. 2021 మే నెలలో నాన్నగారికీ మీకూ ఒకేసారి కోవిడ్ వచ్చింది. మీకు ఇంట్లోనే తగ్గింది. నాన్నగారు ఆస్పత్రిలో చేరిన తొమ్మిదో రోజున పోయారు, చివరిచూపు కూడా దక్కలేదు. అప్పటి నుంచి ఆక్సీమీటర్ (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే మిషన్) జేబులో లేనిదే గుమ్మం దాటలేకపోతున్నారు, రోజుకు ముప్పై నలభై సార్లు వేలికి తగిలించుకుంటున్నారు. వారంలో రెండు మూడు రాత్రులు ఒంటిగంటా రెండూ మధ్య గుండె దడతో, ఊపిరాడనట్టుగా మెలకువ వస్తోంది. నాలుగు ఈసీజీలు, ఒక టూడీ ఎకో తీయించారు, అన్నీ నార్మల్. డాక్టరుగారు "టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారు. ఇది గుండెజబ్బా, లాంగ్ కోవిడా, పిచ్చా? మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది పానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి గుండె దడతో, ఊపిరాడనట్టుగా తీవ్రమైన భయం మళ్లీ మళ్లీ ముంచుకొచ్చే సమస్య. దానికి తోడు ఒంట్లో ఏదో అయిపోతోందన్న అతిభయం, అన్నిటికీ అడుగున తీరకుండా ఉండిపోయిన దుఃఖం. పిచ్చి కాదు. గుండెజబ్బు అనుకోవడానికి మీ రిపోర్టుల్లో ఏమీ కనబడటం లేదు. లాంగ్ కోవిడ్‌ను పక్కన పెట్టడానికి ఒకటి రెండు చిన్న పరీక్షలు మిగిలి ఉన్నాయి. మందులు జీవితాంతం వాడక్కర్లేదు, కొందరికి అసలు అక్కర్లేదు. ఇదంతా మనిషిని ఎదురుగా చూడకుండా వేసిన అంచనా, నిర్ధారణ మాత్రం చూసిన డాక్టరే చెయ్యాలి.

ఈ సమాధానంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: మీకు ధైర్యం ఇస్తోందనుకుంటున్న ఆ ఆక్సీమీటరే ఇప్పుడు ఆ భయానికి రోజూ మేత వేస్తోంది.

మొదట ఆ మిషన్‌కు ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. 2021లో మీరు చేసింది తప్పు కాదు. కోవిడ్‌లో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోయేది. మనిషి మంచం మీద కూర్చుని మామూలుగా మాట్లాడుతూనే ఉండేవాడు, మిషన్ 86 చూపించేది. అందుకే 94 కంటే తగ్గితే ఆస్పత్రికి కదలండి, ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూడండి, బోర్లా పడుకోండి అని వైద్యులే చెప్పారు. ఆ సలహా ప్రాణాలు నిలబెట్టింది. కానీ జబ్బు తగ్గాక "ఇక చూసుకోవద్దు" అని ఎవరూ చెప్పలేదు. చూడమన్న ఆజ్ఞ జారీ అయింది గానీ రద్దు కాలేదు. కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఆ ప్రకటన మీ వేలిదాకా రాలేదు, అంతే.

ఇప్పుడు ఆ భయం ఒక చక్రంలా ఎలా తిరుగుతోందో చూడండి. ఛాతీలో చిన్న బిగుతు, "అదేనేమో" అన్న అనుమానం, వేలికి మిషన్, 98, హమ్మయ్య. ఆ హమ్మయ్య పది నిమిషాలుంటుంది, అరగంట ఉంటే ఎక్కువ. ఈలోగా మెదడు ఒక తప్పు పాఠం నేర్చుకుంటుంది: "చూశాను కాబట్టి ఏమీ కాలేదు." చూడకపోయినా ఏమీ అయ్యేది కాదన్న సంగతి తెలుసుకునే అవకాశం దానికి ఒక్కసారి కూడా దొరకదు. అందుకే నాలుగు ఈసీజీలు నార్మల్ వచ్చినా ఐదోది తీయించుకోవాలనిపిస్తుంది. ప్రతి నార్మల్ రిపోర్టు అప్పుకు కట్టిన వడ్డీలాంటిది, అసలు అలాగే ఉంటుంది.

ఇంకో లెక్క ఉంది. ఇంట్లో వాడే ఆక్సీమీటర్ రీడింగు రెండు శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. వేలు చల్లగా ఉన్నా, చెయ్యి కదిలినా, గోరుకు ముదురు నెయిల్ పాలిషో నల్ల హెన్నానో ఉన్నా, బ్యాటరీలు నీరసించినా, కిటికీలోంచి ఎండ నేరుగా మిషన్ మీద పడుతున్నా ఇంకా తప్పుతుంది. రోజుకు నలభై సార్లు చూసేవాడికి ఎప్పుడో ఒకసారి 92 కనబడి తీరుతుంది. అది చూసిన రోజున నెల రోజుల ధైర్యం కూలిపోతుంది. ఎంత ఎక్కువగా చూస్తే తప్పుడు గంట మోగే అవకాశం అంత ఎక్కువ.

ఊపిరాడటం లేదనిపిస్తున్నా మిషన్ 99 ఎందుకు చూపిస్తుంది? మిషన్ పాడై కాదు. భయంలో మనిషి తెలియకుండానే అవసరానికి మించి గాలి పీలుస్తాడు, నిట్టూరుస్తాడు, ఆవలిస్తాడు. ఆక్సిజన్ అప్పటికే నిండుగా ఉంది, ఇంకా ఎక్కడానికి చోటు లేదు. కానీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. అది పడిపోతే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త కుంచించుకుంటాయి, తల తేలిపోతుంది. వేళ్ల చివర్లూ పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి. ఛాతీ కండరాలు బిగుసుకుని "లోపలిదాకా గాలి వెళ్లడం లేదు" అనిపిస్తుంది. దాంతో ఇంకా గట్టిగా పీలుస్తారు. అంటే మీది గాలి చాలక వచ్చిన బాధ కాదు, గాలి ఎక్కువై వచ్చిన బాధ. ఆ సమయంలో కవర్లోకి ఊపిరి వదిలి మళ్లీ అదే పీల్చమని కొందరు చెప్తారు, చెయ్యకండి. ఆయాసానికి నిజంగా గుండో ఊపిరితిత్తులో కారణమైతే అది ప్రమాదం.

ఇక పరీక్షల సంగతి. ఒక్కసారి పద్ధతిగా చూపించుకుని ఆ ఫైలు మూసేయాలి. ఇప్పటిదాకా మీరు గుండె మీదే ఖర్చు పెట్టారు, పక్కవి చూడలేదు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బీ12 చూపించండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇవే దడ, వణుకు, నిద్రలేమి వస్తాయి. కోవిడ్ తర్వాత కొందరికి థైరాయిడ్ వాచిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి. రెండోది, పడుకుని పది నిమిషాలాగి నాడి లెక్కపెట్టి, తర్వాత నిలబడి పది నిమిషాల్లో మధ్యమధ్య నాడీ బీపీ చూడటం. బీపీ పడకుండా, పడుకున్నప్పటి కంటే నాడి నిమిషానికి 30కి మించి పెరిగి అలాగే ఉంటే అది వేరే సమస్య, కోవిడ్ తర్వాత కొందరిలో కనిపించేదే. దానికి వైద్యం వేరు. ఇది క్లినిక్‌లో చేయించుకోండి. ఇంట్లో చేస్తే ఆక్సీమీటర్‌కు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది!

లాంగ్ కోవిడ్ అలసట తీరు కూడా వేరుగా ఉంటుంది. పని చేసినప్పుడు ఆయాసం, మరునాడో ఆ తర్వాతి రోజో మంచం పట్టేంత నీరసం, చదివింది బుర్రకెక్కకపోవడం. కోవిడ్ సోకిన మూడు నెలల నాటికి ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే కారణం దొరక్కపోతే ఆ పేరు పెడతారు. పానిక్‌లో ఆయాసం కుర్చీలో ఊరికే కూర్చున్నప్పుడు వస్తుంది, ఎవరితోనో మాటల్లో పడి రెండంతస్తులు ఎక్కేసినప్పుడు రాదు. మీకు ఏది జరుగుతోందో వారం గమనిస్తే చాలావరకు మీకే తెలుస్తుంది. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. పని చేసిన మరునాడు కుదేలయ్యే లక్షణం మీకు ఉంటే కింద చెప్పబోయే పరుగు వ్యాయామం చెయ్యకండి, ముందు డాక్టరుతో మాట్లాడండి.

రాత్రి మెలకువ. నిద్రలో వచ్చే పానిక్ సాధారణంగా పడుకున్న మొదటి మూడు గంటల్లో, తేలిక నిద్ర నుంచి గాఢనిద్రలోకి జారే సమయంలో వస్తుంది. పీడకలలా కథేమీ గుర్తుండదు, గుండె దడే గుర్తుంటుంది. పదకొండింటికి పడుకునేవారికి ఒంటిగంట, రెండు అంటే లెక్క సరిపోతోంది. ఒక్కటి మాత్రం మీ ఇంట్లోవాళ్లను అడగండి: గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడతారా? పొద్దున తలనొప్పి, పగలు కునుకులు కూడా ఉంటే స్లీప్ స్టడీ చేయించాలి. అది పానిక్ కాదు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా కావచ్చు. రాత్రి పొద్దుపోయి తిని వెంటనే పడుకునేవాళ్లకు గొంతులోకి పుల్లటి నీళ్లు తన్నుకొచ్చి కూడా ఇలాగే లేస్తారు. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటలు తేడా ఉంచండి, మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీ ఆపండి. "ఒక పెగ్గు వేస్తే నిద్ర పడుతుంది" అన్నది సగం నిజం. పడుతుంది, కానీ మత్తు దిగే రెండు మూడు గంటలకు దడతో లేపుతుంది.

మెలకువ వచ్చాక ఏం చెయ్యాలి? మంచం దిగండి. మిషన్ వద్దు, ఫోన్ వద్దు, గడియారం వైపు చూడొద్దు. తక్కువ వెలుతురులో కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. పొట్ట కదలాలి, భుజాలు కదలకూడదు. ఐదు నిమిషాలు చాలు. భయం అల సాధారణంగా పది నిమిషాల్లోపు శిఖరానికి చేరి, అరగంటలోపు దిగిపోతుంది. ఊపిరి వ్యాయామం దాన్ని ఆపడానికి కాదు, అది తనంతట తాను దిగేదాకా దారిలో కూర్చోవడానికి. ఈ తేడా పట్టించుకోకపోతే రేపు ఆక్సీమీటర్ స్థానంలో ఊపిరి వ్యాయామం వచ్చి కూర్చుంటుంది. అది చెయ్యకపోతే చచ్చిపోతానన్నంతగా దానికి అతుక్కుపోయినవాళ్లు వైద్యానికి వస్తూనే ఉంటారు.

మిషన్‌ను దించడం. ఒక్కరోజులో విసిరేయకండి. విసిరేసినవాళ్లలో ఎక్కువమంది మూడో రోజు మెడికల్ షాపులో కొత్తది కొంటారు.

మొదటి వారం ఏమీ తగ్గించొద్దు, లెక్క మాత్రం రాయండి. చిన్న నోటుబుక్కులో నాలుగు గడులు: టైము, చూడాలనిపించడానికి ముందు ఏం జరిగింది, భయం పదికి ఎంత, రీడింగ్ ఎంత. వారం చివర్లో రీడింగుల గడి ఒకసారి పైనుంచి కిందికి చదవండి. 97, 98, 98, 99, 97... ఇంత విసుగు పుట్టించే పుస్తకం ఇంకోటి ఉండదు.

రెండో వారం మిషన్ జేబులోంచి అలమారలోకి. చూడాలనిపిస్తే చూడొచ్చు, కాకపోతే పది నిమిషాలు ఆగి. ఆ పది నిమిషాలూ చేస్తున్న పని ఆపకూడదు. పది నిమిషాల తర్వాత కూడా కావాలనిపిస్తే లేచి వెళ్లి చూడండి. సగంసార్లు లేవబుద్ధి కాదు. మూడో వారం ఆ ఆగే సమయం అరగంట. నాలుగో వారం నుంచి కోరిక వచ్చినప్పుడు కాకుండా గడియారం చెప్పినప్పుడు మాత్రమే: ఉదయం 8, రాత్రి 8. ఇది చాలా ముఖ్యం. భయం వచ్చినప్పుడు చూడటానికీ, టైమయిందని చూడటానికీ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. ఐదో వారం రోజుకొకసారి, ఆరో వారం వారానికి ఒకసారి, తర్వాత బ్యాటరీలు తీసేయడం. బయటికి వెళ్లడం దీనికి సమాంతరంగా సాగాలి: మిషన్ లేకుండా వీధి చివర కిరాణా కొట్టుదాకా, తర్వాత బస్సులో రెండు స్టాపులు, తర్వాత సినిమా హాలు, చివరికి పక్క ఊరు. ఒక్కో మెట్టు మీద భయం పదికి ఏడు నుంచి మూడుకు దిగేదాకా అదే మళ్లీ మళ్లీ చెయ్యాలి. ఒక్కసారి చేసేసి "అయిపోయింది" అనుకుంటే నిలవదు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. మిషన్ మానేసి స్మార్ట్‌వాచీలో చూసుకోవడం మొదలుపెడతారు. వాచీ కూడా మిషనే. లేదా మణికట్టు మీద వేలు పెట్టి నాడి లెక్కపెడతారు, కాఫీపొడి డబ్బా తీసి వాసన తెలుస్తోందా అని చూస్తారు, ఊపిరి బిగబట్టి ఎన్ని సెకన్లు ఆగగలనో లెక్కేస్తారు. ఛాతీలో బిగుతు గురించి యూట్యూబ్‌లో వెతుకుతారు. ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు. నోటుబుక్కులో అన్నిటినీ ఒకే లెక్కలో రాయండి.

ఇంట్లోవాళ్ల పాత్ర ఇంకొకటి. "నాకు ఏమీ కాదు కదా?" అని మీరు రోజుకు ఎన్నిసార్లు అడుగుతారు? మీ శ్రీమతి "ఏం కాదులెండి" అన్న ప్రతిసారీ ఆమె కూడా ఒక ఆక్సీమీటరే. ప్రేమతోనే చేస్తారు, ఫలితం మాత్రం అదే. ఇద్దరూ కూర్చుని ముందే ఒక మాట అనుకోండి. మీరు అడిగినప్పుడు ఆమె "దీనికి జవాబు చెప్పొద్దని మీరే అన్నారు కదా, రండి, గిన్నెలు తుడుద్దాం" అనాలి. కసిరి కాదు, మామూలుగా. ముందే అనుకోకుండా ఒక్కసారిగా జవాబు ఆపేస్తే మాత్రం అది గొడవకు దారి తీస్తుంది.

భయం పుట్టించే లక్షణాలను మీరే తెచ్చుకోవడం. వినడానికి వింతగా ఉంటుంది, కానీ పానిక్‌లో పనిచేసే అసలు వైద్యం ఇదే. ఉన్నచోటే ఒక నిమిషం పరుగు, దడ కోసం. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి, ఊపిరాడని భావన కోసం. కుర్చీలో ముప్పై సెకన్లు తిరగడం, తల తిరగడం కోసం. ఒక్కొక్కటి రోజుకు మూడు నాలుగుసార్లు, వారంపాటు. చేసిన వెంటనే ఊపిరి వ్యాయామం చెయ్యకుండా, నీళ్లు తాగకుండా, ఆ దడను దిగేదాకా అలాగే ఉండనివ్వాలి. గుండె 130 కొట్టుకున్నా మీకేమీ కాదని మాటలతో మెదడు నమ్మదు, చేసి చూపిస్తే నమ్ముతుంది. గర్భిణులు, గుండెజబ్బు, మూర్ఛ, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ఇవి చెయ్యకూడదు. మొదటిసారి క్లినికల్ సైకాలజిస్టు ఎదురుగా చేస్తే మేలు.

మందులు. వారానికి రెండు మూడు రాత్రులు పాడవుతూ, ఉద్యోగానికి ఇబ్బంది అవుతుంటే మందు వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. సాధారణంగా ఎస్సిటలోప్రామ్ 5 మి.గ్రా.తో మొదలుపెట్టి వారం తర్వాత 10 చేస్తారు, లేదా సెర్ట్రలిన్ 25తో మొదలుపెట్టి 50 చేస్తారు. తక్కువతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పానిక్ ఉన్నవాళ్లకు మొదటి వారం పది రోజులు ఈ మందు దడను కాస్త పెంచుతుంది, కడుపులో తిప్పుతుంది. ఇది ముందే చెప్పకపోతే రోగి నాలుగో రోజున "ఈ మందు నాకు పడలేదు" అని మానేస్తాడు. మన దగ్గర వైద్యం ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా ఆరేడు వారాలు పడుతుంది. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా అదే మోతాదు వాడి, ఆ తర్వాత నెమ్మదిగా దించుతారు. దాంపత్య జీవితంలో ఇబ్బంది వస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చొచ్చు, మందు మార్చొచ్చు. చెప్పకుండా మానేసేవాళ్లే ఎక్కువ.

క్లోనజెపామ్, అల్ప్రాజోలామ్ సంగతి వేరు. ఇవి అరగంటలో ఉపశమనం ఇస్తాయి, అదే వీటి చిక్కు. మొదటి రెండు నుంచి నాలుగు వారాలకు మించి రోజూ వాడకూడదు. జేబులో మాత్ర ఉంటేనే ధైర్యం అన్న స్థితి వస్తే ఆక్సీమీటర్ పోయి మాత్ర వచ్చినట్టే. చాలాకాలంగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు వణుకుతో, మతి తప్పి ఎంతమంది ఎర్రగడ్డ ఆస్పత్రికి పరుగెత్తారో గుర్తుందా? కల్తీ కల్లులో కలిపేది కూడా ఈ కోవ మత్తుమందులే. అలవాటైన మెదడు నుంచి వాటిని ఒక్కసారిగా లాగేస్తే జరిగేది అదే. పాత చీటీ చూపించి షాపులో కొనుక్కుంటూ పోయే పద్ధతి మాత్రం ఇవాళే ఆపండి.

ఇక అడుగున ఉన్నదాని గురించి. మీ ప్రశ్నలో నాన్నగారి గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు, ఆక్సీమీటర్ గురించి పది వాక్యాలు. ఆ మిషన్ చివరిసారి ముఖ్యమైన అంకె చూపించింది ఎవరి వేలి మీదో మీకు తెలుసు.

2021 వేసవిలో పోయినవాళ్ల ఇళ్లలో దుఃఖం మామూలు దారిన నడవలేదు. ముఖం చూడలేదు, స్నానం చేయించలేదు, పాడె మోయలేదు. సంచిలో చుట్టిన దేహాన్ని దూరం నుంచి చూపించారు, కొందరికి అదీ లేదు. పెద్దకర్మకు నలుగురు లేరు. పరామర్శకు వచ్చేవాళ్లు లేరు, వచ్చినా గేటు బయటే. మన ఆచారాల్లో పదకొండు, పదమూడు రోజులపాటు మనిషిని ఒంటరిగా వదలకుండా, మళ్లీ మళ్లీ అదే కథ చెప్పించి ఏడిపించే ఏర్పాటు ఉంది. దాని విలువ అది లేని ఏడాదిలో తెలిసింది. నెలలు గడిచినా మనిషి పోయాడని నమ్మకం కుదరకపోవడం, ఆ ఆస్పత్రి రోడ్డులో వెళ్లలేకపోవడం, అంబులెన్సు శబ్దానికి బిగుసుకుపోవడం, తనలో ఒక ముక్క చచ్చిపోయినట్టుండటం ఉంటే దాన్ని ఇప్పుడు దీర్ఘకాల దుఃఖ రుగ్మత అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఆరు నెలలు, అమెరికా వాళ్ల 2022 వర్గీకరణలో పెద్దవాళ్లకు ఏడాది దాటాలి. మీకు రెండు లెక్కల్లోనూ ఎప్పుడో దాటిపోయింది. దీనికి ప్రత్యేకమైన చికిత్స ఉంది, పానిక్ వైద్యం ఒక్కటే సరిపోదు.

ఇలాంటి కేసుల్లో దాదాపు ప్రతిసారీ అడుగున దొరికే వాక్యం ఒకటుంది: "నా వల్లే ఆయనకు అంటింది." మీరు రాయలేదు, అయినా చెప్తున్నాను. ఇద్దరికీ ఒకేసారి లక్షణాలు వచ్చాయంటే ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తేల్చడం సాధ్యం కాదు, ఇద్దరికీ ఒకేచోట అంటి ఉండొచ్చు కూడా. లక్షణాలు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే మనిషి వైరస్‌ను పంచుతాడు. అప్పటికి ఎవరికీ ఏమీ తెలిసే వీలు లేదు. "టీకా ముందే వేయించాల్సింది" అన్నది రెండో నేరారోపణ. అరవై దాటినవాళ్లకు టీకా తెరిచిందే 2021 మార్చి 1న, 45 దాటినవాళ్లందరికీ ఏప్రిల్ 1న. ఏప్రిల్‌లో డెల్టా రకం వైరస్ ముంచేసింది. మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12-16 వారాలకు పెంచారు. ఆ నెలలో రెండు డోసులూ పూర్తయి ఉండటం ఎంతమందికి సాధ్యం? ఇప్పుడు తెలిసిన సంగతులతో అప్పటి మిమ్మల్ని బోనెక్కించకండి.

కాగితం మీద ఒక గుండ్రం గీయండి. నాన్నగారి మరణానికి కారణమైనవన్నీ పక్కన రాయండి: డెల్టా రకం, ఆయన వయసు, షుగరో బీపీయో ఉంటే అది, మంచాలు దొరక్కపోవడం, ఆక్సిజన్ కొరత, టీకా ఆలస్యం. ఒక్కొక్కదానికి గుండ్రంలో ముక్క ఇవ్వండి. మీ ముక్క అందరికంటే చివర్లో గీయండి. ముందే గీస్తే గుండ్రమంతా మీదే అవుతుంది.

ఆగిపోయిన కర్మ ఇప్పుడైనా చెయ్యొచ్చు. ఏది ఎలా చెయ్యాలో మీ పురోహితుణ్ణి అడగండి. చర్చికి వెళ్లేవాళ్లు స్మారక కూడిక పెట్టుకుంటారు, ముస్లిం కుటుంబాలు ఖబర్‌స్తాన్‌కు వెళ్లి ఫాతిహా చదువుతారు. సంవత్సరీకం అప్పట్లో ఇద్దరితో కానిచ్చేసి ఉంటే ఈసారి తద్దినానికి ఆయన స్నేహితులను, తోబుట్టువులను పిలవండి. ఒక్క షరతు: ప్రతి ఒక్కరూ ఆస్పత్రికి సంబంధం లేని జ్ఞాపకం ఒకటి చెప్పాలి. ఆ తొమ్మిది రోజులు ఆయన మొత్తం జీవితాన్ని మింగేశాయి, దాన్ని తిరిగి లాక్కోవడమే ఇక్కడ పని. అలమారలో ఆస్పత్రి ఫైలు ఉందంటే, దాన్ని ఒంటరిగా అర్ధరాత్రి తిరగేయకండి. తెలిసిన డాక్టరును కూర్చోబెట్టుకుని ఒక్కసారి చదివించుకోండి, మీ ప్రశ్నలు ముందే రాసుకుని. చివరి ఫోన్ కాల్ మళ్లీ మళ్లీ కళ్లముందు తిరుగుతుంటే దాన్ని మొదటి నుంచి చివరిదాకా చెప్పించే పద్ధతి ఉంది, అది థెరపిస్టు దగ్గర మాత్రమే చేయించుకోండి.

ఎక్కడికి వెళ్లాలి? 14416 టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10 నుంచి పనిచేస్తోంది. రోజంతా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. మొదట కౌన్సెలర్ మాట్లాడి అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. నేరుగా చూపించుకోవాలంటే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్పగానే నవ్వే కాలం ఇంకా పూర్తిగా పోలేదు. నవ్వేవాళ్లు మీ రాత్రి రెండు గంటలకు కాపలా కాయరు. ప్రైవేటులో థెరపీకి వెళ్తే రెండు ప్రశ్నలు అడగండి: ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా, పానిక్‌కు ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనే వైద్యం) చేయిస్తారా? కౌన్సెలింగ్ అంటే కూర్చోబెట్టి నీతులు చెప్పే చోటైతే రెండో సిటింగ్‌కు వెళ్లకండి. వారానికొకటి చొప్పున పది, పన్నెండు సిటింగ్‌లు చాలామందికి సరిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తే కట్టించుకోండి, వాళ్లతో యుద్ధం వద్దు. వైద్యం మాత్రం ఆపకండి.

పానిక్ అని సర్దుకోకూడనివి కూడా చెప్పాలి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే ఛాతీ నొప్పి, అది చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, ఒక కాలు వాచి ఉన్నట్టుండి ఆయాసం, దగ్గితే రక్తం. వీటికి 108కి ఫోన్ చెయ్యండి. అలాగే "పోతే బాగుండు" అన్న ఆలోచన "ఎలా పోవాలి" అన్నదాకా వస్తే అదీ అంతే అత్యవసరం. ఆ ఆలోచన ఉందని ఇంట్లో ఒకరికి చెప్పండి, మాత్రలు వాళ్ల చేతికివ్వండి, పొలం ఇల్లయితే పురుగుల మందు డబ్బాలు ఆ పూటే వేరే చోటికి పంపించండి, ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

చివరిగా, మీరు తప్పకుండా అడగబోయే ప్రశ్న: "మరి మళ్లీ జ్వరం వస్తే?" జ్వరం, దగ్గు రెండూ ఉంటే మిషన్‌కు బ్యాటరీలు వెయ్యండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, మూడే సార్లు. చేతులు వెచ్చగా రుద్దుకుని, గోరు శుభ్రంగా ఉంచి, ఐదు నిమిషాలు కూర్చున్నాక, అంకె ఒక నిమిషంపాటు నిలకడగా ఉన్నప్పుడే రాయాలి. 94 కంటే తక్కువ వస్తే వేలు మార్చి మళ్లీ చూడాలి, అప్పటికీ అంతే ఉంటే డాక్టరు దగ్గరికి. జ్వరం తగ్గిన రెండో రోజు సాయంత్రం బ్యాటరీలు తీసి, థర్మామీటర్ పక్కన డబ్బాలో పెట్టేయండి.